ఆడపిల్లల ఒంటి మీద సాగుతున్న పొడుల వ్యాపారం: ఔషధ నియంత్రణ అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల ఔషధ నియంత్రణ, ఆయుష్, ఆహార భద్రతా విభాగాల అధికారులకు,

నమస్కారం. నేను వరంగల్‌లో ప్రాక్టీసు చేస్తున్న ఆయుర్వేద వైద్యురాలిని. మూలికలతోనే వైద్యం చేస్తాను కాబట్టి, ఆ మూలికల పేర్లు చెప్పి జరుగుతున్న ఒక అమ్మకం గురించి మీకు నేరుగా రాయవలసిన బాధ్యత నాకుందని అనుకుంటున్నాను. మెంతులు, సోంపు, శతావరి, నేలగుమ్మడి, అవిసె గింజలు, సోయా వంటివి తింటే, లేదా వాటి నూనెలతో మర్దన చేసుకుంటే, ఆడపిల్లల వక్షోజాలు సహజంగా పెరుగుతాయని చెప్పే పొడులు, మాత్రలు, నూనెలు, టీలు నేడు తెలుగులో విస్తారంగా అమ్ముడవుతున్నాయి. వీటిని కొనేది ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలు, కొత్తగా పెళ్ళయినవారు. ఇంట్లో ఎవరికీ చెప్పరు, వైద్యుల దగ్గరకు రారు, మోసపోయినా ఫిర్యాదు చేయరు. ఈ సిగ్గే ఆ వ్యాపారానికి పెట్టుబడి.

దీన్ని అడ్డుకోవడానికి కొత్త చట్టం అవసరం లేదన్నది నేను మొదట చెప్పదలచుకున్న మాట. 1954లో పార్లమెంటు చేసిన డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం, తన షెడ్యూలులో పేర్కొన్న 54 వ్యాధులు, స్థితులకు మందుంది అని ప్రకటించడాన్నే నేరంగా పరిగణిస్తుంది. ఆ పట్టికలో క్యాన్సర్, మధుమేహం, మూర్ఛ ఉన్నాయి. వాటి మధ్యనే 21వ అంశంగా స్త్రీ వక్షస్థలం ఆకృతి, నిర్మాణం కూడా ఉన్నాయి. అంటే దశాబ్దాల క్రితమే, ఈ ఒక్క విషయంలో ఆడవాళ్ళను మోసం చేసేవారు ఉంటారని గుర్తించి, పేరు పెట్టి మరీ నిషేధించారు. ఆ చట్టం ప్రకటనకు ఇచ్చిన నిర్వచనం కూడా ఎంత ముందుచూపుతో ఉందో చూడండి. కరపత్రం, లేబులు, చుట్టిన కాగితంతో పాటు, నోటితో చెప్పినదీ, వెలుగు, ధ్వని, పొగ ద్వారా ప్రసారం చేసినదీ ప్రకటనే అవుతుంది. ఇంత విశాలమైన నిర్వచనం నుంచి ఫోన్ తెర మీద ఆడే నిమిషం నిడివి వీడియో తప్పించుకోలేదు. మొదటిసారి నేరం రుజువైతే ఆరు నెలల వరకు, మళ్ళీ చేస్తే ఏడాది వరకు జైలు శిక్ష ఉంది. గెజిటెడ్ అధికారి సోదా చేసి, సరుకును, రికార్డులను స్వాధీనం చేసుకునే అధికారం ఎనిమిదో సెక్షన్‌లోనే ఉంది.

ఈ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పకుండా నిషేధం గురించి మాత్రమే మాట్లాడితే నా మాట సగమే అవుతుంది. ఇది గాలిలోంచి పుట్టినది కాదు, మన వంటింటి జ్ఞానాన్ని వంకర తిప్పగా పుట్టినది. మన ఇళ్ళలో బాలింతకు పెట్టే పథ్యం ఒక పెద్ద శాస్త్రం. వెల్లుల్లి కారం, కాయం, తెలగపిండి వేసి వండిన మునగాకు కూర, మెంతులు, చేపలు తినే ఇళ్ళలో పాలసొర, ఇవన్నీ పాలు పడాలని పెట్టేవి. వీటిలో ఇనుము, కాల్షియం, మాంసకృత్తులు ఉన్నాయి కాబట్టి కాన్పుతో నీరసించిన తల్లికి అవి మేలే చేస్తాయి. ఆయుర్వేదంలోనూ అంతే. చరక సంహిత సూత్రస్థానం నాలుగో అధ్యాయంలో స్తన్యజనన గణం కింద పది ద్రవ్యాలు చెప్పారు. దర్భ, కుశ, రెల్లు, వట్టివేరు, వరి మొదలైన గడ్డిజాతుల వేర్లే అవి. వాటి ప్రయోజనం బిడ్డకు పాలు కలిగించడం. పిల్లిపీచర అని మన పల్లెల్లో పిలిచే శతావరిని కూడా నేను ఈ అవసరానికే, తల్లి ఆకలి, అరుగుదల చూసుకుని, కొద్దికాలం ఇస్తాను. కాన్పు కాని పందొమ్మిదేళ్ళ అమ్మాయికి, పరిమాణం పెంచడానికి ఇవ్వమని నేను చదివిన ఏ సంహితా చెప్పలేదు. గర్భధారణలోనూ పాలిచ్చే రోజుల్లోనూ రొమ్ములు పెద్దవి కావడానికి కారణం ఆ సమయంలో ఎన్నో రెట్లు పెరిగే హార్మోన్లు. బిడ్డ పాలు మానేశాక ఆ పెరుగుదలా తగ్గుతుంది. బాలింత వంటకాన్నీ బాలింత శరీరాన్నీ పక్కపక్కన చూసి, వంటకం వల్లే శరీరం అలా మారిందని చెప్పి అమ్మడం ఈ వ్యాపారం చేసే మొదటి మోసం.

రెండో మోసం ఆధునిక శాస్త్రం పేరుతో జరుగుతోంది. మెంతుల్లో డయోస్జెనిన్ అనే పదార్థం ఉంది, అది హార్మోన్‌గా మారుతుంది అని ఈ ప్రకటనల్లో తరచుగా వినిపిస్తుంది. ఇందులో ఒక నిజముంది. 1940లలో రసాయన శాస్త్రవేత్త రస్సెల్ మార్కర్ మెక్సికోలో దొరికే ఒక రకం అడవి దుంప నుంచి డయోస్జెనిన్ తీసి, ప్రయోగశాలలో వరుస రసాయన చర్యలు జరిపి ప్రొజెస్టెరాన్ అనే స్త్రీ హార్మోన్ తయారు చేశారు. తర్వాతి కాలపు గర్భనిరోధక మాత్రల తయారీకి దారి వేసింది ఆ పద్ధతే. కానీ ఆ చర్యలు జరిగింది గాజు పాత్రల్లో. వాటిని జరిపే ఎంజైములు మన శరీరంలో లేవు. గుప్పెడు మెంతులు తిన్న మనిషి ఒంట్లో ఆ డయోస్జెనిన్ ఈస్ట్రోజెన్‌గానో ప్రొజెస్టెరాన్‌గానో మారదు. మెంతులు నిజంగా చేసే పని వేరే ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు దశాబ్దాల క్రితమే మధుమేహ రోగులకు మెంతిపిండి ఇచ్చి, రక్తంలో చక్కెర తగ్గుతుందని చూపించారు. కాబట్టి షుగరు మందులు వాడేవారు పెద్ద మోతాదులో మెంతిపొడి తింటే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు, రక్తం పలచబడడానికి వార్ఫరిన్ వాడేవారికి రక్తస్రావం ముప్పు పెరగవచ్చు. వేరుశనగ, శనగలు పడనివారికి మెంతులు కూడా పడకపోవచ్చు. ఏ డబ్బా మీదా ఈ హెచ్చరికలు నాకు కనిపించలేదు.

సోయా, అవిసె, సోంపులలో మొక్కల ఈస్ట్రోజెన్లు, అంటే స్త్రీ హార్మోన్ ఈస్ట్రోజెన్‌ను పోలిన పదార్థాలు, ఉన్న మాట వాస్తవమే. వంటలో వాడే మోతాదులో వాటి ప్రభావం చాలా బలహీనం. అవి తిని పెద్దవారిలో రొమ్ములు పెరిగినట్టు నమ్మదగిన పరీక్షలేవీ చూపించలేదు. 2003లో అమెరికాకు చెందిన వైద్యురాలు అడ్రియాన్ ఫ్యూ-బెర్మన్ ఇలాంటి మూలికా ఉత్పత్తులన్నిటినీ సమీక్షించి, ఇవి పనిచేస్తాయనడానికి క్లినికల్ పరీక్షలే లేవని, వీటిని వాడవద్దని చెప్పాలని రాశారు. ఇక ఎక్కడైనా నిజంగా ప్రభావం కనిపించిందంటే, అది సంతోషించవలసిన వార్త కాదు. టర్కీ వైద్యులు 2008లో ప్రచురించిన ఒక నివేదిక ఇందుకు ఉదాహరణ. నెలల తరబడి సోంపు కషాయం తాగించిన చిన్న ఆడపిల్లల్లో వయసుకు ముందే రొమ్ములు ఉబ్బాయి. ఈస్ట్రాడియోల్ అనే స్త్రీ హార్మోన్ స్థాయి ఉండవలసిన దానికంటే ఎక్కువగా ఉంది. కషాయం మాన్పించిన కొన్ని నెలలకు వాపు తగ్గింది. ఆ పిల్లల తల్లిదండ్రులు దాన్ని జబ్బుగా భావించి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మన దగ్గర అలాంటి ప్రభావాన్నే ఉత్పత్తి గొప్పతనంగా చెప్పి అమ్ముతున్నారు. చిటికెడు సోంపు భోజనం తర్వాత నమలడం ఎవరికీ హాని కాదు, ఆ భయం అక్కరలేదు. రోజూ చెంచాల కొద్దీ, నెలల తరబడి, హార్మోన్ కోసమని తాగడం వేరు.

ఈ సందర్భంలో జపాన్ అనుభవం మన అధికారులు తప్పక తెలుసుకోవలసినది. థాయ్‌లాండ్ అడవుల్లో పెరిగే ప్యురేరియా మిరిఫికా అనే తీగ దుంపలో మిరోఎస్ట్రాల్ వంటి బలమైన ఈస్ట్రోజెన్ గుణమున్న పదార్థాలు ఉంటాయి. మన నేలగుమ్మడికి అది దగ్గరి బంధువే. జపాన్‌లో వక్షోజాలు పెంచే సప్లిమెంట్లుగా దీన్ని యువతులకు విస్తృతంగా అమ్మారు. నెలసరి తప్పడం, మధ్యలో రక్తస్రావం కావడం వంటి ఫిర్యాదులు ఐదేళ్ళలో రెండు వందలకు పైగా వచ్చాయని అక్కడి జాతీయ వినియోగదారుల కేంద్రం 2017లో వెల్లడించింది. తర్వాత 2020 జూన్ నుంచి ప్రత్యేక నిఘా అవసరమైన నాలుగు పదార్థాల్లో దీన్ని ఒకటిగా ప్రకటించి, హాని జరిగినట్టు తెలిస్తే కంపెనీ ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలియజేయాలని చట్టం చేశారు. ఇదే దుంప పొడి ఇప్పుడు మన దేశంలోనూ ఆన్‌లైన్‌లో దొరుకుతోంది. మన పిల్లలకు దీనివల్ల నెలసరి గతి తప్పితే ఆ సంగతి నమోదయ్యే పుస్తకం మన దగ్గర ఎక్కడుంది?

నా దగ్గరకు వచ్చిన ఒక డబ్బా గురించి కొంచెం వివరంగా చెబుతాను. నర్సింగ్ చదువుతున్న ఒక అమ్మాయి రెండు నెలలుగా నెలసరి రాలేదని తల్లితో వచ్చింది. ఏమైనా మందులు వాడుతున్నావా అని అడిగితే తల వంచుకుంది. తల్లిని కాసేపు బయట కూర్చోబెట్టాక, బ్యాగు అడుగు నుంచి తువ్వాలులో చుట్టిన గులాబీ రంగు ప్లాస్టిక్ డబ్బా తీసి నా బల్ల మీద పెట్టింది. ఆయుర్వేద ఔషధం లేబులు ఎలా ఉండాలో ఔషధ నియమాల్లోని 161వ నియమం చెబుతుంది. ఏయే ద్రవ్యాలు ఎంతెంత ఉన్నాయో, తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారీదారు చిరునామా ఉండాలి. ఆ డబ్బా మీద శతావరి, మెంతి, అశ్వగంధ అని మూడు పేర్లు రాసి, ఆ తర్వాత ‘మరికొన్ని అరుదైన మూలికలు’ అని ముగించారు. పరిమాణాలు లేవు, బ్యాచ్ నంబరు లేదు. లైసెన్సు నంబరు ఉండవలసిన చోట ఆహార భద్రతా సంస్థ ఇచ్చే పద్నాలుగు అంకెల నంబరు ఉంది. చిరునామాకు బదులు ఒక వాట్సాప్ నంబరు ఉంది. మూత తీస్తే మెంతివాసన గుప్పుమంది కానీ, పొడి రంగు ఏ ఒక్క మూలిక రంగుతోనూ కలవలేదు. ఆ అమ్మాయి నెలసరి ఆగడానికి ఆ పొడే కారణమని నేను ఇక్కడ తేల్చి చెప్పడం లేదు, దానికి వేరే కారణాలూ ఉండవచ్చు. ఆమె ఏం తిన్నదో తెలుసుకునే దారి వైద్యురాలినైన నాకే లేకపోవడం గురించి చెబుతున్నాను. కోర్సు పూర్తి చేయకపోతే వచ్చిన ఫలితం కూడా పోతుందని ఆమెకు వాట్సాప్‌లో చెప్పి, రెండో డబ్బా కూడా అంటగట్టారట.

ఆ పద్నాలుగు అంకెల నంబరులోనే అసలు చిక్కుముడి ఉంది. 1954 చట్టంలో ఔషధం నిర్వచనంలో, శరీర నిర్మాణాన్ని ప్రభావితం చేయడానికి ఉద్దేశించిన వస్తువులన్నీ వస్తాయి కానీ, అక్కడే ‘ఆహారం కాకుండా’ అనే మినహాయింపు ఉంది. దాన్ని పట్టుకుని, మందు చేసే పనిని వాగ్దానం చేస్తూ ఆహారం లైసెన్సుతో అమ్ముతారు. ఔషధ తనిఖీ అధికారిని అడిగితే అది ఆహారం కిందికి వస్తుందంటారు, ఆహార భద్రతాధికారిని అడిగితే అది ఆయుర్వేద మందంటారు. ఫిర్యాదు రెండు బల్లల మధ్య ఆగిపోతుంది. నిజానికి రెండు దారుల్లోనూ వారికి తప్పించుకునే వీలు లేదు. తప్పుదారి పట్టించే ఆహార ప్రకటనకు 2006 ఆహార భద్రతా చట్టం 53వ సెక్షన్ కింద పది లక్షల రూపాయల వరకు జరిమానా ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తయారీదారుకూ, దాన్ని మెచ్చుకుంటూ ప్రచారం చేసినవారికీ పది లక్షల వరకు, మళ్ళీ చేస్తే యాభై లక్షల వరకు జరిమానా వేయగలదు. ప్రచారం చేసినవారిని ఏడాది పాటు, పునరావృతమైతే మూడేళ్ళ పాటు ఇతర ప్రకటనల్లో కూడా కనిపించకుండా నిషేధించగలదు.

ఒంటి గురించి పిల్లలకు ఎవరూ చెప్పని నాలుగు మాటలు కూడా ఇక్కడ రాస్తాను, ఎందుకంటే ఈ లేఖ మీతో పాటు వారూ చదువుతారని ఆశ. ఆడపిల్లల్లో రొమ్ముల పెరుగుదల ఎనిమిది నుంచి పదమూడేళ్ళ మధ్య ఎప్పుడైనా మొదలవుతుంది. మొదలైన రెండు మూడేళ్ళకు రజస్వల అవుతారు. పద్దెనిమిదేళ్ళ దాకా, కొందరికి ఆ తర్వాత కూడా మార్పు సాగుతుంది. పరిమాణాన్ని నిర్ణయించేవి వంశపారంపర్యం, హార్మోన్లు, శరీరంలోని కొవ్వు. అక్కడ పాల గ్రంథులు, కొవ్వు, వాటిని పట్టి ఉంచే సన్నని కణజాలం తప్ప కండరం లేదు. అందుకే మర్దనతో గానీ నూనెతో గానీ అవి పెరగవు. దానిమ్మ తొక్కను ఆవనూనెలో మరిగించి రాస్తే చర్మం నునుపెక్కవచ్చు, అంతే. ఒకటి కాస్త పెద్దగా, ఒకటి కాస్త చిన్నగా ఉండడం ఎక్కువమందిలో సహజం. చిన్నవైనంత మాత్రాన రేపు బిడ్డకు పాలు చాలవన్న భయం అక్కరలేదు, పాలను తయారు చేసేవి గ్రంథులు, పరిమాణాన్ని ఎక్కువగా ఇచ్చేది కొవ్వు. పదమూడేళ్ళు నిండినా పెరుగుదల అసలు మొదలు కాకపోతే మాత్రం ఆలస్యం చేయకుండా స్త్రీ వైద్య నిపుణులకు చూపించాలి. పుట్టుకతో ఉండే జన్యులోపమైన టర్నర్ సిండ్రోమ్ వంటి స్థితులు అలా బయటపడవచ్చు, వాటికి సమయానికి చికిత్స ఉంది. అలాంటి పిల్ల ఏడాది పాటు పొడి తాగుతూ కూర్చుంటే ఆ ఏడాది తిరిగి రాదు. కుటుంబంలో రొమ్ము క్యాన్సర్ ఉన్నవారు హార్మోన్ గుణం ఉందని చెప్పే ఏ ఉత్పత్తినీ వైద్యుల సలహా లేకుండా ముట్టకూడదు. మన దేశ స్త్రీలలో అన్నిటికంటే ఎక్కువగా కనిపిస్తున్న క్యాన్సర్ అదే.

పిల్లల తిండి గురించి నిజంగా బెంగ పెట్టుకోవలసిన విషయం ఇంకొకటి ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. పూట గడవక కాదు, బరువు పెరుగుతామన్న భయంతో పొద్దున టిఫిన్ మానేసే పిల్లలు కూడా ఇందులో ఉన్నారు. ఈ పొడి డబ్బా మీద పెట్టే డబ్బుతో నెలంతా గుడ్లు, పల్లీలు, ఆకుకూరలు, బెల్లం వస్తాయి.

కలుషితాల గురించి ఒక్క మాట, నా వృత్తికి నొప్పి కలిగించేదే అయినా చెప్పాలి. ఇంటర్నెట్‌లో అమ్ముడయ్యే 193 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే ఐదింట ఒక వంతులో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి బయటపడిందని 2008లో అమెరికా వైద్య సంఘం పత్రిక ప్రచురించింది. పద్ధతిగా తయారు చేసే వైద్యులందరికీ అది మచ్చే. పేరూ ఊరూ లేని డబ్బాలను బజారులో వదిలేస్తే ఆ మచ్చ ఇంకా ముదురుతుంది.

ఆరోగ్య పేజీలు, కార్యక్రమాలు నడిపే తెలుగు పత్రికల, ఛానళ్ళ సంపాదకులకు కూడా ఒక విన్నపం. ‘ఈ గింజలు తింటే చాలు’ అనే శీర్షిక కింద మీరు వేసే చిన్న వ్యాసాన్నే అమ్మేవారు కత్తిరించి, మీ గుర్తుతో సహా తమ ప్రకటనలో అతికిస్తున్నారు. డబ్బు తీసుకుని ప్రసారం చేసే ‘డాక్టరుగారితో ముఖాముఖి’ కార్యక్రమంలో ఈ వాగ్దానం వినిపిస్తే, మీరు సమయం అమ్మారే తప్ప మాట అనలేదన్న సమాధానం నిలవదు. ఆ ప్రకటన ప్రచురణలో పాలుపంచుకోవడాన్ని కూడా 1954 చట్టం నిషేధిస్తుంది.

ఇప్పుడు మీ నుంచి కోరేది చెబుతాను. తప్పుదారి పట్టించే వైద్య ప్రకటనల కేసులో సుప్రీంకోర్టు 2025 మార్చి 26న, 1954 చట్టం అమలుకు అధికారులను నియమించాలని, ప్రజలు ఫిర్యాదు చేసే ఏర్పాటు ఉండాలని రాష్ట్రాలను ఆదేశించింది. మన రెండు రాష్ట్రాల్లో ఏ జిల్లాకు ఎవరు ఆ అధికారో, ఫోన్ నంబరుతో సహా తెలుగులో ప్రకటించండి. ఫిర్యాదు చేసే అమ్మాయి పేరు బయటకు రాదని అందులోనే రాయండి, ఆ హామీ లేకపోతే ఒక్కరూ ముందుకు రారు. మహిళా అధికారి వింటారని కూడా చెప్పగలిగితే ఇంకా మంచిది. తెలంగాణ ఔషధ నియంత్రణ విభాగం ఇటీవలి కాలంలో మధుమేహం, మూత్రపిండాల రాళ్ళు నయమవుతాయని లేబుళ్ళు వేసిన మందులను దాడులు చేసి పట్టుకుంది, ఆ పని హర్షించదగినది. అదే పట్టుదల ఆ చట్టం షెడ్యూలులోని వక్షస్థలానికి సంబంధించిన 21వ అంశం మీద కూడా చూపించండి. ఔషధ, ఆహార విభాగాల అధికారులు కలిసి ఒకే ఫిర్యాదును ఒకే దస్త్రంగా చూసే ఏర్పాటు చేయండి, ‘మాది కాదు’ అన్న సమాధానం ఫిర్యాదుదారు వినవలసిన అవసరం రాకూడదు. ఈ డబ్బాల నమూనాలను కొని, స్టెరాయిడ్లు, హార్మోన్లు, భారలోహాల కోసం పరీక్షించి, ఫలితాలను ఉత్పత్తి పేరుతో సహా ప్రచురించండి. వాట్సాప్ నంబరు తప్ప చిరునామా లేనివారిని పట్టుకోవడం కష్టమని నాకు తెలుసు. కానీ డబ్బు చెల్లింపు ఏదో ఒక బ్యాంకు ఖాతాకే వెళుతుంది, పార్సిల్ ఏదో ఒక కొరియర్ కార్యాలయం నుంచే బయలుదేరుతుంది. సైబర్ పోలీసుల సాయంతో ఆ రెండు చివరల నుంచి వెతకవచ్చు.

ఈలోగా ఎవరైనా ఇప్పటికే మోసపోయి ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, అక్కడ తెలుగులోనూ మాట్లాడవచ్చు. డబ్బా పారేయకుండా, బిల్లు, చాటింగ్, చెల్లింపు రసీదు దాచిపెట్టుకోవాలి.

నా దగ్గరకు వచ్చిన డబ్బాలను, వాటి ప్రకటనల చిత్రాలను, వాడినవారి పేర్లు లేకుండా, తేదీలతో సహా భద్రపరిచాను. మీలో ఏ విభాగమైనా అడిగిన మరుసటి రోజే సీలు వేసి అప్పగిస్తాను, అవసరమైతే వాంగ్మూలం ఇస్తాను. తోటి ఆయుర్వేద, అల్లోపతి వైద్యులు కూడా తమ దగ్గరకు చేరిన డబ్బాలను పారవేయక ఇలాగే దాచి ఉంచాలని కోరుతున్నాను. ఈ లేఖకు మీ సమాధానం కూడా బహిరంగంగానే, జిల్లాలవారీగా అధికారుల పేర్లతో రావాలని ఎదురు చూస్తున్నాను.

భవదీయురాలు,
ఒక ఆయుర్వేద వైద్యురాలు
వరంగల్